పుదుచ్చేరి సముద్రతీరాన మూడు రోజులు

మా చిన్నాన్నగారి మనుమడు ఒకడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి వేసవి సెలవులకు అతడు ఫ్రాన్సు దేశంలోని నీస్ పట్టణానికి పోయి, అక్కడినుంచి ఫోటోలు పంపాడు. మధ్యధరా సముద్రం, తీరం వెంబడి పొడుగాటి విహారబాట, వరుసగా నీలిరంగు కుర్చీలు, గులకరాళ్లమీద తువ్వాళ్లు పరచుకొని ఎండ కాగుతున్న జనం. మా అమ్మకు చూపించాము. ఆమె కళ్లజోడు సర్దుకొని చూచి, "ఎండ కోసమా ఇంత దూరం పోయింది? మన ధర్మపురిలో లేని ఎండా?" అన్నది. ఇంట్లో అందరమూ నవ్వాము.

కాసేపటికి ఆమే మళ్లీ, "సముద్రం ఎట్లుంటాది నాయనా?" అని అడిగింది. అప్పుడు ఎవరమూ నవ్వలేదు. ఆమెకు డెబ్బైనాలుగేళ్లు. పుట్టింది, మెట్టింది, పిల్లలను పెంచింది అంతా ఈ జిల్లాలోనే. మా నాయన ఉన్నన్నాళ్లూ "వచ్చే పండగకు పోదాం" అంటూ వచ్చాడు. ఆ పండగ రాకుండానే ఆయన వెళ్లిపోయాడు. రెండువందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో సముద్రం పెట్టుకొని, తల్లికి ఇంతవరకు చూపలేదు గదా అని మాకు సిగ్గు వేసింది.

మాబోటి గుమాస్తాలకు నీస్ అందేది కాదు. కాని ఫ్రెంచివారే మన దక్షిణదేశంలో కట్టిపోయిన సముద్రతీరపు పట్టణం ఒకటి ఉన్నది గదా. అందుచేత సంక్రాంతి సెలవులకు మరి రెండు రోజుల సెలవు కలిపి, అమ్మ, మా శ్రీమతి, ఇద్దరు పిల్లలు, పదహారేళ్ల మేనల్లుడు, అందరమూ పుదుచ్చేరి చేరాము. అక్కడ చూడదగినవి, చేయదగినవి, చేయకూడనివి మన కుటుంబాలవారికి ఉపయోగపడతాయని ఇక్కడ వ్రాస్తున్నాము.

ఎప్పుడు, ఎట్లా?

అక్టోబరునుంచి డిసెంబరు దాకా ఆ తీరానికి ఈశాన్య ఋతుపవనాల వానలు, తుఫానుల బెడద. ఏప్రిల్, మే నెలల్లో ఎండ, ఉక్క. జనవరినుంచి మార్చి దాకా ప్రయాణానికి అనువైన కాలం. మాసిమగం నాటికి పోగలిగితే, చుట్టుపక్కల దేవాలయాల ఉత్సవమూర్తులు వైతికుప్పం తీరానికి తీర్థవారికి వేంచేయడం చూడవచ్చును.

మన ఊరినుంచి హరూరు, ఊత్తంగరై, చెంగం మీదుగా తిరువణ్ణామలై చేరి, అక్కడినుంచి సెంజి, తిండివనం దారిన పోవాలి. వృద్ధులు వెంట ఉంటే ఒకే ఊపున పోరాదు. మేము తిరువణ్ణామలైలో దిగి, స్వామిదర్శనం చేసికొని, భోంచేసి, మధ్యాహ్నం మళ్లీ బస్సు ఎక్కాము. సెంజి దగ్గర కిటికీలోనుంచే కొండలమీది కోటగోడలు పిల్లలకు చూపవచ్చును.

సముద్రపు ఒడ్డున

మొదటి పని, తెల్లవారకముందే లేచి ఒడ్డుకు పోవడం. గాంధీ విగ్రహం ఉన్న బీచిరోడ్డు మీద సాయంత్రం మొదలు మరునాటి ఉదయం వరకు బండ్లను రానివ్వరు. పెద్దలు, పిల్లలు భయం లేకుండా నడవవచ్చును. విగ్రహం చుట్టూ నిలిచిన రాతిస్తంభాలు సెంజి కోటనుంచి తెచ్చినవి. ఎదురుగా 1836లో వెలిగిన పాత దీపస్తంభం. కొంచెం పోతే మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు పక్షాన పోరాడి చనిపోయినవారి స్మారకం.

నీస్‌లోని విహారబాట కథ కూడా వినదగినదే. 1820లలో చలికాలానికి అక్కడ చేరిన ఇంగ్లీషువారు దానిని వేయించారు. నేటికీ దానికి ఇంగ్లీషువారి విహారబాట అనే పేరు. అప్పుడు అక్కడికి జనం పోయింది చలి తప్పించుకోవడానికి. వేసవిలో పోయి ఒంటిని ఎండబెట్టుకోవడమనే వేడుక వంద సంవత్సరాల తర్వాతి మాట. మా అమ్మ అడిగిన ప్రశ్న అంత వెర్రిది కాదన్నమాట!

సూర్యుడు నీటిలోనుంచి పైకి వస్తూ ఉంటే అమ్మ ఏమీ మాట్లాడలేదు. కొంగులో కట్టుకొని వచ్చిన పసుపు కుంకుమ విప్పి, బండరాళ్ల మీదినుంచి అలలోకి వదిలి, దండం పెట్టింది. చాలాసేపటికి, "ఇన్ని నీళ్లుండి ఒక్క గుక్క తాగను పనికిరావే!" అన్నది. బావినుంచి బిందెలు మోసిన మన ధర్మపురి ఆడవారికి తప్ప ఆ మాట ఎవరికి తోస్తుంది?

ఊరి ఎదుటి తీరంలో స్నానానికి దిగరాదు. అక్కడ నల్లని బండరాళ్లు పేర్చి ఉన్నవి. 1980లలో దక్షిణాన ఓడరేవుకు రాతికట్టలు వేసినప్పటినుంచి ఉత్తరానికి సాగిపోయే ఇసుక అక్కడే ఆగిపోయి, పట్టణం ముందరి ఇసుకతిన్నె కోసుకుపోయింది. ఈమధ్య నీటి అడుగున అడ్డుకట్ట వేసి కొంత ఇసుకను మళ్లీ రాబట్టారు.

వీధులలో మన తెలుగు

రెండవ రోజు వీధులు తిరగడానికి. నడుమ ఒక కాలువ. సముద్రం వైపు ఫ్రెంచివారి ఇళ్లు, అవతల తమిళుల ఇళ్లు. వీధి పేర్లు ఫ్రెంచిలోను తమిళంలోను ఉంటవి. పోలీసులు ఎర్రటోపీలు పెట్టుకొంటారు. సాయంత్రాలు కొందరు పెద్దలు ఇనుపగుండ్లు విసిరి ఆడుతూ కనబడతారు. అది పెతాంక్ అనే ఆట. 1907లో మధ్యధరా తీరాన మార్సేల్సు దగ్గరి లా సియోతా అనే ఊళ్లో పుట్టి, ఓడలెక్కి ఇక్కడికి వచ్చింది. మన గోలీలాటకు పెద్దన్న వంటిది. మా పిల్లలు గంటసేపు కదలలేదు.

భారతి పార్కులో తెల్లని మండపం ఒకటి ఉన్నది. ఆయి మండపమని పేరు. దాని కథ ఇట్లా చెప్పుకొంటారు: శ్రీకృష్ణదేవరాయలు ఆ దారిన పోతూ, దీపాలతో వెలుగుతున్న ఒక మేడను చూచి గుడి అనుకొని నమస్కరించాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి, కోపించి, పడగొట్టమన్నాడట. ఆమె గడువు అడిగి, తానే ఇల్లు పడగొట్టించి, ఆ చోట ఊరివారికి చెరువు త్రవ్వించిందట. తర్వాత చాలాకాలానికి ఫ్రెంచివారు ఆ నీటిని పట్టణానికి తెచ్చినప్పుడు మూడవ నెపోలియన్ చక్రవర్తి ఆమె పేర ఈ మండపం కట్టించమన్నాడని చెబుతారు.

ఈ కథ చెబుతూ ఉంటే అమ్మ మండపం మెట్టుమీద కూర్చుండిపోయింది. మన జిల్లాలో ఫ్లోరైడు నీరు తాగి పళ్లు పచ్చబడినవారు, ఎముకలు వంగినవారు ఎందరో. 2013లో హొగేనకల్ కావేరి నీటి పథకం ప్రారంభమయ్యేదాకా మంచినీరు అంటే ఏమిటో మనకు తెలుసు. "ఇల్లు పోగొట్టుకొని నీళ్లిచ్చిందా, మహాతల్లి!" అని ఆ మండపానికీ దండం పెట్టింది.

రంగపిళ్లె వీధి పేరు చూచినప్పుడు మా పిల్లలకు మరొక సంగతి చెప్పాము. ఆనందరంగ పిళ్లె (1709-1761) డూప్లే దొరకు దుబాసి. 1736 మొదలు చనిపోయేదాకా ఆయన తమిళంలో వ్రాసిన దినచర్య ఆనాటి చరిత్రకు గొప్ప ఆధారం. ఆయన పేర కస్తూరి రంగకవి తెలుగులో ఒక ఛందోగ్రంథమే వ్రాశాడు. దాని పేరు ఆనందరంగరాట్ఛందము. ఫ్రెంచివారి కొలువు, తమిళంలో దినచర్య, తెలుగులో అంకితం! మూడు భాషల మధ్య బ్రతకడం మన తరంతో మొదలైంది కాదు. ఇంట తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివి, తెలుగు అక్షరాలు మాత్రం రాని మా అమ్మాయి, "అయితే ఆ పుస్తకం పేరైనా నేను తెలుగులో రాయాలి నాయనా" అన్నది. ఆ రాత్రి బసలో కూర్చుండి వ్రాయించాము. "రాట్ఛ" దగ్గర చాలా తంటాలు పడ్డది.

పుదుచ్చేరి పాలనకింద ఉన్న యానాం మన తెలుగు ఊరే, కాకినాడ దగ్గరిది. అది 1954 జూన్ 13న ఫ్రెంచివారినుంచి విడివడింది. అదే సంవత్సరం అక్టోబరు 18న కీళూరులో ప్రతినిధులు 178 మంది ఓటు చేయగా, 170 మంది భారతదేశంలో కలియడానికి ఒప్పుకొన్నారు. నవంబరు 1న అధికారం చేతులు మారింది. చట్టరీత్యా అప్పగింత పూర్తి అయినది 1962 ఆగస్టు 16న.

పార్కు పక్కనే ఉన్న మ్యూజియం తప్పక చూడాలి. పట్టణానికి కొంచెం దక్షిణాన అరికమేడు ఉన్నది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ త్రవ్వించగా, ఇటలీలోని అరెజ్జో ఊరి ఎర్రపాత్రల ముక్కలు, ద్రాక్షసారా, ఆలివునూనె నింపి పంపిన రెండు చెవుల మట్టికూజాల ముక్కలు బయటపడ్డవి. రెండువేల ఏండ్ల కిందటనే మధ్యధరా సరుకు, ఋతుపవనాల గాలి పట్టుకొని, ఈ ఒడ్డున దిగింది. మనం నీస్ పోలేకపోతేనేమి, ఆ సముద్రమే ఒకనాడు మన గుమ్మంలోకి వచ్చింది. అరికమేడులో ఇప్పుడు పాత గోడలు, చెట్లు తప్ప ఏమీ కనిపించవు. అందుచేత ముందు మ్యూజియం చూచి తర్వాతనే అక్కడికి పోతే మంచిది.

చేయకూడని పని

మూడవ రోజు జరిగినది వ్రాయడానికి మనసు ఒప్పదు. అయినను వ్రాయక తప్పదు. ఊరి బయట ఇసుకతీరానికి స్నానానికి పోయాము. మా మేనల్లుడు పెన్నాగరం వైపు బావుల్లో ఈత నేర్చినవాడు. మెట్టుమీదినుంచి దూకి అడుగు ముట్టి వస్తాడు. ఆ ధైర్యంతో, అలలు విరగక నీరు నిలకడగా కనిపించిన చోటు చూచుకొని నడుములోతు దిగాడు. మేము చేతిలో ఫోను పట్టుకొని అమ్మ ఫోటో తీస్తున్నాము. తల ఎత్తేసరికి వాడు ఏభై గజాల దూరంలో ఉన్నాడు. ఒడ్డుకు ఈదుతున్నాడు, వెనక్కే పోతున్నాడు.

వల బాగుచేసుకొంటున్న జాలరి ఒకాయన లేచి, ఎదురీదవద్దని, పక్కకు ఈదమని చేతులు ఊపుతూ తమిళంలో కేకలు వేశాడు. ఇంకొకరు ఖాళీ డబ్బా కట్టిన తాడు తీసికొని నీళ్లలోకి దిగాడు. వాడు ఆ కేకలు విన్నాడు, పక్కకు తిరిగాడు, చాలా దూరం అవతల డబ్బా పట్టుకొని ఒడ్డెక్కాడు. అక్క ముఖం ఎట్లా చూడవలసి వచ్చేదో అని మాకు కాళ్లు ఆడలేదు. మేము కృతజ్ఞత చెప్పబోతే ఆ జాలరి మమ్మల్నే తిట్టాడు. "పిల్లవాణ్ణి నీళ్లలోకి పంపి నువ్వు ఫోను చూస్తావా?" అన్నాడు. ఆ తిట్టు మాకు తగినదే.

తర్వాత ఆయనే వివరించాడు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా ఏదో ఒక దారిన వెనక్కు పోవాలి గదా. ఇసుకలో పల్లం ఉన్న చోట అది ఇరుకైన ప్రవాహమై వేగంగా పోతుంది. ఆ పల్లంలో అలలు విరగవు. అందుచేత తెలియనివారికి అదే నెమ్మదైన చోటుగా కనబడుతుంది. దానికి ఎదురీదితే ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. చిక్కుకొన్నవాడు భయపడక తేలుతూ, ఒడ్డుకు సమంగా పక్కకు ఈది, ప్రవాహం దాటిన తర్వాతనే ఒడ్డుకు రావాలి. ఒడ్డున ఉన్నవారు వెంటనే దూకరాదు. తేలే వస్తువు విసిరి, తెలిసినవారిని కేక వేయాలి. బావినీరు కదలదు, సముద్రం కదులుతుంది. బావిఈత సముద్రానికి చాలదు.

కాబట్టి మన పిల్లలు మోకాలిలోతు దాటరాదు. జాలరులు చూపిన చోటనే దిగాలి. పెద్దవారొకరు వేరే పని పెట్టుకోక కాపలా ఉండాలి. నీటి సరదా మరీ ఎక్కువైతే చున్నంబారులో పడవ ఎక్కవచ్చును. రక్షణచొక్కా తొడుగుకొనే ఎక్కాలి.

తిరుగు ప్రయాణం

ఆ సాయంత్రం ఇక ఎక్కడికీ పోలేదు. మణకుళ వినాయకుని గుడిలో కొబ్బరికాయ కొట్టి, దగ్గరలోని అరవిందాశ్రమంలో సమాధి దగ్గర కొంతసేపు మౌనంగా కూర్చున్నాము. 1910లో పుదుచ్చేరికి వచ్చిన అరవిందులు చివరిదాకా అక్కడే ఉన్నారు. చంటిపిల్లలను లోనికి రానివ్వరు, మాటలు పనికిరావు. మేనల్లుడు అంత సేపు కదలక కూర్చోవడం మేము ఎన్నడూ చూడలేదు.

బస్సు తిండివనం దాటిన తర్వాత అమ్మ, "మీ నాయన కూడా చూసింటే బాగుండు" అన్నది. మేము జవాబు చెప్పలేకపోయాము.

మన సంఘం కుటుంబాలలో సముద్రం చూడని పెద్దలు ఇంకా ఉన్నారని మాకు తెలుసు. వారి కాళ్లలో ఓపిక ఉండగానే, జనవరిలోనో ఫిబ్రవరిలోనో, మూడు రోజులు వీలు చేసికొనండి. నాలుగు చోట్లు తగ్గినా ఫరవాలేదు, ఒక సూర్యోదయం మాత్రం వారి పక్కన నిలబడి చూడండి. నీళ్ల దగ్గర పిల్లలమీద నుంచి కన్ను తీయకండి. "వచ్చే పండగకు" అని మాత్రం అనకండి.