కొత్త గోడకు తొందరపడి రంగు వేయించకండి

కళ్ళం పనులు ముగిసి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లోనే మన పల్లెల్లో ఇళ్ళ పనులు కూడా చివరికొస్తాయి. స్లాబు పడింది, లోపలి గోడలకు సిమెంటు ప్లాస్టరింగు అయింది. పంతులుగారు గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు. ఇంకా పదిహేను రోజులే ఉంది. పెయింటరేమో "ఎంతసేపండీ, లప్పం పెట్టి రెండు కోట్లు కొట్టేద్దాం" అంటాడు. సరే కానియ్ అన్నారో, ఆ డబ్బు గోడ పాలే.

ఇది రాస్తున్న నేనూ ఆ దెబ్బ తిన్నవాణ్ణే. ఇంట్లో పెళ్ళి ఉందని, ప్లాస్టరింగు అయిన పన్నెండో రోజునే రంగు వేయించాం. పెళ్ళి ఫోటోల్లో గోడలు అద్దంలా ఉన్నాయి. వానాకాలం సగానికొచ్చేసరికి కిటికీల కింద బొబ్బలు లేచాయి. గోటితో గీకితే రంగూ లప్పమూ కలిసి పెచ్చులుగా ఊడి చేతికొచ్చాయి. మళ్ళీ గీకించడానికి కూలి, మళ్ళీ రంగు, అంతా రెండో ఖర్చు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పది అడుగులకు పన్నెండు అడుగుల గది నాలుగు గోడలకూ ప్లాస్టరింగు చేస్తే, కలిపిన నీళ్ళు, తర్వాత గోడకు కొట్టిన నీళ్ళు కలిసి నూరు లీటర్లకు పైగానే ఉంటాయి. సిమెంటు గట్టిపడటానికి వాడుకునేది అందులో కొంతే. మిగిలినదంతా గోడలోంచి మెల్లగా గాలిలోకి పోవాలి. పోయే దారిని రంగుతో మూసేస్తే ఆ చెమ్మ రంగునే తోసుకుని బయటికొస్తుంది. పైగా పచ్చి సిమెంటులో క్షారం ఎక్కువ. కాస్టిక్ సోడా నూనెను సబ్బుగా మార్చినట్టే, ఈ క్షారం ఆయిల్ పెయింటులోని నూనెను సబ్బు చేసేస్తుంది. గోడ అడుగున మూడడుగుల ఆయిల్ పెయింటు పట్టీ జిగటగా మారి ఊడిపోవడం మీరు చూసే ఉంటారు.

నీళ్ళు కొట్టడం వేరు, ఆరనివ్వడం వేరు. ముహూర్తం దగ్గరపడిందని నీళ్ళు కొట్టడం మానేస్తే గోడ త్వరగా ఆరుతుందనుకుంటారు కొందరు. ఆరుతుంది, కానీ ప్లాస్టరు బలం లేక చేత్తో రుద్దితే ఇసుక రాలుతుంది. కనీసం ఏడు రోజులు, మండు వేసవిలో పది రోజులు, పూటపూటా తడపాల్సిందే. ఆ తర్వాత కిటికీలు, తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి. ప్లాస్టరింగు అయిన రోజు నుంచి 28 రోజులు గడవనిదే రంగు మాట ఎత్తవద్దు. వానాకాలమైతే రెండు నెలలు ఆగినా తప్పు లేదు. సన్నని నెర్రెలు రావలసినవి ఈలోగానే వస్తాయి. అప్పుడు లప్పంతో పూడిస్తే మళ్ళీ కనబడవు.

గోడ ఆరిందో లేదో చేత్తో తాకితే తెలియదు. మూరెడు పాలిథిన్ కాగితాన్ని నేలకు మూరెడు ఎత్తున గోడకు పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించండి. యూరియా బస్తా లోపలి సంచి అయితే బాగా కడిగి ఆరబెట్టి వాడండి. మర్నాడు అదే వేళకు చూడండి. లోపలి వైపు నీటి బొట్లు పట్టి ఉంటే ఇంకా ఆగాల్సిందే.

బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో ఇంకో చిక్కు ఉంది. గోడ ఆరేకొద్దీ తెల్లని పొడి పైకి తేలుతుంది. అది ఇసుకలో, ఇటుకలో, నీళ్ళలో ఉన్న ఉప్పు. దాన్ని నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో దులపాలి. తేలడం పూర్తిగా ఆగేదాకా రెండు మూడుసార్లయినా దులపాలి. కొత్తగా కట్టేవాళ్ళు కనీసం మాలు కలిపే నీళ్ళయినా మంచినీళ్ళు తెచ్చుకోవడం మేలు.

మరి ముహూర్తం ఎలా? మన తాతల సున్నం ఉండనే ఉంది. సున్నం కూడా క్షారమే కాబట్టి సిమెంటు క్షారం దాన్ని ఏమీ చేయదు. గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది కూడా. తడపడం పూర్తయి గోడ పైపైన ఆరితే చాలు, వెల్ల వేసుకోవచ్చు. పిడుగురాళ్ళ వైపు నుంచి వచ్చే రాతి సున్నమైనా, దొరికితే గుల్ల సున్నమైనా సరే, కాలినది తాజాగా ఉండాలి. కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్ళ లెక్క. ఇనప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి, అందులో సున్నం కొద్దికొద్దిగా వేయండి. కుతకుత ఉడుకుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఒక రోజంతా నాననిచ్చి, ముతక గుడ్డలో వడగట్టి, వేడినీళ్ళలో కరిగించిన తుమ్మ జిగురు కొద్దిగా కలపాలి. నీలిమందు కిలో సున్నానికి మూడు గ్రాములు మించకూడదు. ఎక్కువైతే గోడ నీలంగా కనిపిస్తుంది.

గోడ మీద కాసిని నీళ్ళు చిలకరించి కుంచె పట్టండి. ముందు పైనుంచి కిందికి, కింది నుంచి పైకి. అది ఆరకముందే అడ్డంగా అటూ ఇటూ. ఇదీ ఒక కోటు. అది ఆరాకే రెండోది. కొత్త గోడకు మూడు కోట్లు కావాలి. చిక్కగా ఒకే కోటు వేస్తే పని త్వరగా అవుతుంది గానీ పొరలుగా రాలుతుంది. కంట్లో సున్నం పడితే వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడిగి ఆస్పత్రికి పోవాలి.

మరుసటి ఏడాది పంట చేతికొచ్చాక రంగు వేయించుకోవాలనుకుంటే ఒక్క మాట. సున్నం మీద లప్పం నిలవదు. పాత వెల్లను గీకించి, గరుకు కాగితంతో రుద్దించి, సిమెంటు ప్రైమరు వేయించాకే డిస్టెంపరు గానీ ఎమల్షను గానీ. రంగు వేసుకోవాలని ముందే నిశ్చయం ఉంటే, సున్నం జోలికి పోకుండా గోడను అలాగే వదిలి ఆరనివ్వండి. కూలి కలిసొస్తుంది.

ఇల్లు పూర్తయిందని వేరుశనగ విత్తనం తెచ్చి కొత్త గదిలోనే పెట్టేవాళ్ళున్నారు. గోడల చెమ్మను కాయ పీల్చుకుంటుంది, బూజు పడుతుంది, విత్తనంగా మొలక దెబ్బతింటుంది. పైన చెప్పిన పాలిథిన్ పరీక్షలో గోడ నెగ్గేదాకా విత్తనాలు పాత ఇంట్లోనే ఉంచండి. యూరియా, డీఏపీ బస్తాలను ఎన్నడూ గోడకు ఆనించకండి. ఎరువు లవణం గోడకు ఎక్కితే ఎంత మంచి రంగైనా అక్కడ నిలవదు. చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చుకోండి.