కారు నేర్చుకుంటున్నారా? ఎడమ పక్క సైకిల్ దగ్గరే అసలు పరీక్ష!

నిజామాబాద్: గేర్లు పడుతున్నాయి, రివర్స్ వచ్చేసింది, బండి మధ్యలో ఆగిపోవడం తగ్గింది. ఇక రోడ్డెక్కడమే అనుకుంటారు కొత్తగా కారు నేర్చుకునేవాళ్లు. కానీ గ్రౌండ్‌లో కనిపించనిది, రోడ్డు మీద అడుగడుగునా ఎదురయ్యేది ఒకటుంది.. సైకిల్. నిజామాబాద్ కంఠేశ్వర్ లాంటి ఏరియాల్లో పొద్దున ఎల్ బోర్డు కార్లు బయటికొచ్చే టైమ్, పిల్లలు సైకిళ్ల మీద ట్యూషన్లకు, స్కూళ్లకు వెళ్లే టైమ్ దాదాపు ఒకటే. అటూ కొత్తవాళ్లే, ఇటూ చిన్నవాళ్లే. తప్పు ఎవరిదైనా దెబ్బ తగిలేది మాత్రం సైకిల్ మీదున్నవాళ్లకే.

సమస్య ఎక్కడంటే.. మన కార్లలో స్టీరింగ్ కుడి వైపు ఉంటుంది. కుడి పక్క ఎంత జాగా ఉందో తల తిప్పితే తెలిసిపోతుంది. ఎడమ అంచు మాత్రం డ్రైవర్‌కు మీటరుకు పైగా దూరంలో ఉంటుంది. ఆ వైపు అద్దం ఎక్కడి దాకా వెళ్తుందో అంచనా రావడానికి కొత్తవాళ్లకు టైమ్ పడుతుంది. సైకిల్ వెళ్లేది సరిగ్గా ఆ వైపే. ఎదురుగా లారీ వస్తే భయపడి స్టీరింగ్‌ను ఎడమకు లాగేయడం నేర్చుకునే రోజుల్లో చాలామంది చేసే పనే. ఆ క్షణంలో పక్కన సైకిల్ ఉంటే?

జాగా ఎంత ఉంది? లెక్క చూడండి

రెండు లేన్ల రోడ్డు మామూలుగా 7 మీటర్లు ఉంటుంది. అంటే ఒక్కో వైపు 3.5 మీటర్లు. సైకిల్ రోడ్డు అంచుకు కాస్త లోపలికి వెళ్తుంది కాబట్టి దానికి దాదాపు ఒక మీటరు తీసేయాలి. చిన్న కారు వెడల్పు అద్దాలు కాకుండానే 1.7 మీటర్ల దాకా ఉంటుంది. మిగిలేది 0.8 మీటరు. అద్దాన్ని కూడా లెక్కేస్తే రెండడుగులు.

బ్రిటన్ హైవే కోడ్ ప్రకారం గంటకు 30 మైళ్ల వేగం వరకు, అంటే దాదాపు 48 కిలోమీటర్ల దాకా, సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్లు వదలాలి. స్పీడ్ పెరిగితే ఇంకా ఎక్కువే వదలాలి. ఆ కొలత మన రోడ్డుకు పెట్టి చూస్తే, ఒకే లేన్‌లో ఉండి సైకిల్‌ను దాటడం కుదరని పని. కొంత అవతలి లేన్‌లోకి వెళ్లాల్సిందే. ఎదురుగా బండి వస్తుంటే దాటకూడదు, సైకిల్ వెనకే వెళ్లాలి. మధ్యేమార్గం ఏమీ లేదు.

వెనకే వెళ్తే ఎంత టైమ్ పోతుంది? సైకిల్ గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందనుకుంటే 200 మీటర్లకు 48 సెకన్లు. 40 కిలోమీటర్ల స్పీడ్‌లో అదే దూరం 18 సెకన్లు. పోయేది అరనిమిషం. వెనకున్న ఆటో హారన్ కొడుతుంది.. కొట్టుకోనివ్వండి. సెకండ్ గేర్‌లో నెమ్మదిగా, కారుకూ సైకిల్‌కూ మధ్య గ్యాప్ ఉంచి వెళ్తే చాలు. మరీ దగ్గరికెళ్లి హారన్ కొడితే సైకిల్ తొక్కేవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూస్తారు. చూసినప్పుడు హ్యాండిల్ కూడా అటే తిరుగుతుంది!

దాటే అవకాశం వస్తే ముందు కుడి అద్దం చూసి, ఇండికేటర్ వేసి, దూరం నుంచే కుడికి జరగాలి. దాటగానే ఎడమకు వచ్చేయకూడదు. సైకిల్ మొత్తం లోపలి అద్దంలో కనిపించాకే తిరిగి లేన్‌లోకి రావాలి.

వడ్లు ఆరబోసిన రోడ్డుపై ఇంకా జాగ్రత్త

టౌన్ దాటి జానకంపేట, ఎడపల్లి, బోధన్ వైపు ప్రాక్టీస్‌కు వెళ్లేవాళ్లకు ఇంకో సంగతి. వానాకాలం, యాసంగి కోతలప్పుడు ఊళ్ల రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు. సైకిల్‌కు అంచున దారి ఉండదు కాబట్టి రోడ్డు మధ్యకు వస్తుంది. అడ్డం వచ్చాడని విసుక్కోవడంలో అర్థం లేదు, అతనికి ఉన్న దారి అదొక్కటే. గుంత కనిపించినా, నీళ్లు నిలిచినా సైకిల్ ఇలాగే ఒక్కసారిగా కుడికి జరుగుతుంది. ముందున్న రోడ్డు చూస్తే అది ఎక్కడ జరుగుతుందో ముందే తెలుస్తుంది. క్యారియర్ మీద గడ్డిమోపు, పక్కన పాల క్యాన్లు ఉంటే జాగా మరింత వదలాలి. రాత్రిపూట చాలా సైకిళ్లకు లైటు ఉండదు, రిఫ్లెక్టర్ ఉండదు. ఎదురు బండి లైట్లు కళ్లలో పడినప్పుడు స్పీడ్ తగ్గించడం ఒక్కటే మార్గం. 50 కిలోమీటర్ల స్పీడ్‌లో బ్రేక్ మీద కాలు పడేలోపే, ఒకటిన్నర సెకన్లలో, కారు దాదాపు 21 మీటర్లు వెళ్లిపోతుంది.

ఇక ఎడమకు తిరిగే మలుపు. సైకిల్‌ను దాటేసి వెంటనే దాని ముందు నుంచే లెఫ్ట్ కొట్టడం.. సీనియర్ డ్రైవర్లు కూడా చేసే ఘోరమైన తప్పు. మలుపు దగ్గర్లో ఉంటే సైకిల్‌ను ముందు పోనిచ్చి, ఆ తర్వాత తిరగాలి.

పక్క సీట్లో ఉన్నవాళ్ల పనేంటి?

సెంట్రల్ మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం ఎల్ఎల్ఆర్‌తో కారు నడిపేవాళ్ల పక్కన లైసెన్స్ ఉన్న శిక్షకుడు ఉండాలి. బండిని కంట్రోల్ చేయగలిగేలా, ఆపగలిగేలా కూర్చోవాలి. ముందు, వెనక తెల్ల ప్లేటుపై ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. డ్రైవింగ్ స్కూల్ కారులో ఆ సీటు దగ్గర కూడా బ్రేక్ పెడతారు. సొంత కారులో నాన్నో, బాబాయో నేర్పిస్తుంటే వాళ్ల చేతిలో ఉండేది హ్యాండ్‌బ్రేకే. బటన్ నొక్కే హ్యాండ్‌బ్రేక్ ఉన్న కారైతే నేర్పించే ముందే అది ఎలా పని చేస్తుందో చూసుకోవాలి. ఎడమ పక్క జాగా డ్రైవర్ కన్నా వాళ్లకే బాగా కనిపిస్తుంది. 'ముందు సైకిల్ ఉంది', 'ఇంకొంచెం కుడికి' అని ముందుగా, మెల్లగా చెప్పాలి. సెల్ చూస్తూ కూర్చుని చివర్లో అరిస్తే స్టీరింగ్ ఎటు తిరుగుతుందో చెప్పలేం.

2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు కూడా పాదచారులు, సైకిలిస్టులు, పిల్లలు, వృద్ధుల విషయంలో డ్రైవర్లు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని చెబుతున్నాయి.

ప్రాక్టీస్ అయిపోయి కారు ఆపాక కూడా ఒక పని ఉంది. డోర్ తీసే ముందు అద్దం చూడాలి. కుడి డోర్‌ను ఎడమ చేత్తో తీస్తే ఒళ్లు దానంతటదే తిరిగి, వెనక వచ్చే సైకిల్ కనిపిస్తుంది. పక్క సీట్లో ఉన్నవాళ్లు కుడి చేత్తో తీయాలి. వెనక సీట్లో పిల్లలుంటే చైల్డ్ లాక్ వేసి, పెద్దవాళ్లే దిగి బయటి నుంచి డోర్ తీయడం మంచిది.