సిగ్గు నాడి మీద సీటు

మైపాడులో వలలు ఒడ్డుకు చేరిన గంటలోపు చేపలు నెల్లూరు దారి పట్టాలి. మోపెడ్లు రాకముందు ఆ దారి పొడవునా సైకిళ్ళే. వెనక క్యారియర్ మీద గంప. గంపలో వంజరాలో, సందువలో, నెత్తళ్ళో. పైన తడి గోనెపట్టా, దాని నుంచి స్పోకుల మీదికి కారే ఉప్పునీళ్ళు. నెల్లూరు ఊళ్ళో ఉన్న మైపాడు గేటు చేరేసరికి ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. అంతసేపూ తొక్కేవాడి బరువు మోసేది జానెడు తోలుముక్క. దాన్ని మనం సీటు అంటాం. గుర్రపు జీనుకు చిన్న తమ్ముడది.

ఈ సీటు మగవాళ్ళ ఒంటికి ఒక చెరుపు చేస్తుంది. అరగంటో గంటో తొక్కాక కాళ్ళ నడుమ మొద్దుబారుతుంది. సూదులతో పొడిచినట్టుంటుంది, లేదా అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. దిగి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. కాలు తిమ్మిరెక్కితే పదిమంది ముందే విదిలిస్తాం. ఈ తిమ్మిరిని మాత్రం భార్యకు కూడా చెప్పం. తనకే ఏదో లోపం వచ్చిందనుకుని లోలోపల కుమిలే మగవాళ్ళు ఎందరో. లోపం మనిషిది కాదు, యంత్రానిది. దానికి దాఖలాగా ఆ యంత్రం పుట్టుక నుంచీ చెబుతాను.

1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ రెండు చక్రాల కొయ్య బండి చేశాడు. పెడళ్ళు లేవు. మెత్త పెట్టిన సీటు మీద కూర్చుని కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవాలి. బరువులో కొంత కాళ్ళే మోసేవి కాబట్టి సీటు గురించి ఎవరికీ పట్టలేదు. 1860లలో పారిస్‌లో మిషో బండి ముందు చక్రానికి పెడళ్ళు వచ్చాయి. కాళ్ళు నేలను వదిలాయి, ఒళ్ళంతా సీటు మీద పడింది. ఇనుప పట్టీల చక్రాలు రాళ్ళ వీధుల్లో ఎగిరెగిరి పడుతుంటే ఆంగ్లేయులు ఆ బండికి ఎముకలు కుదిపేదని పేరు పెట్టారు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ వచ్చింది. వెనక చక్రానికి చైను బిగించిన, ఇంచుమించు ఈనాటి రూపమున్న సైకిలు అదే. 1888లో డన్‌లప్ గాలి టైరు కుదుపును సగం మింగేసింది.

సీటు కథలో అసలు మనిషి జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్. 1866లో బర్మింగ్‌హామ్‌లో తోలుసామాన్ల వ్యాపారం పెట్టాడు. కంపెనీ చెప్పుకునే కథ ఏమిటంటే, ఆయన గుర్రం చచ్చిపోతే ఎరువు తెచ్చుకున్న సైకిలెక్కాడట. ఆ సీటు పెట్టిన బాధ భరించలేక తోలు సీటు మీద పని మొదలుపెట్టాడట. 1882లో పేటెంటు తీసుకున్నాడు. మందపాటి తోలును వెనక ఇనుప చట్రానికీ ముందు ముక్కుకూ నడుమ బిగించి లాగారు. నులకమంచం లాగే ఇది కూడా బరువును సాగి మోస్తుంది. కొన్ని నెలలు తొక్కితే తోలు కూర్చున్నవాడి ఒంటి అచ్చు పోసుకుంటుంది. ముక్కు దగ్గర ఒక నట్టు ఉంటుంది, వదులైతే బిగించుకోవాలి. బిగించకపోతే నులక సాగిన మంచంలా నడుము దిగిపోతుంది, పక్కలు లేస్తాయి. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

ఆ నమూనాయే సముద్రం దాటి మనకు వచ్చింది. 1949లో మద్రాసులో టిఐ సైకిల్స్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాక సైకిలు పల్లె పల్లెకూ చేరింది. విడవలూరు పక్కన అలగానిపాడులో 1913లో పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభకు ఎన్నికై ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీదే వెళ్ళారు. కోస్తా మనిషి సైకిలెక్కడాన్ని దేశమంతా గౌరవంతో చూసిన రోజులవి. ఆ సైకిలు సీటును మాత్రం ఎవరూ మళ్ళీ పరిశీలించలేదు. వెనక బలమైన స్ప్రింగులు, పైన తోలు. తర్వాత తోలు పోయి రెగ్జిన్ వచ్చింది, దాని కింద స్పాంజి. ఎండకు రెగ్జిన్ పగిలితే పాత తువ్వాలు చుట్టి కట్టడమే మనకు తెలిసిన మరమ్మతు.

ఇప్పుడు ఒంటి సంగతి. దేవుడు మనిషికి కూర్చోవడానికి తగిన ఎముకలే ఇచ్చాడు. మైపాడు ఒడ్డున అల తగిలి వెళ్ళిన తడి ఇసుక మీద నిటారుగా కూర్చుని లేవండి. రెండు గుంటలు కనిపిస్తాయి. అవి కటి ఎముక అడుగున ఉండే రెండు గుబ్బల గుర్తులు. వాటి నడుమ దూరం మగవాళ్ళలో సుమారు 10 నుంచి 14 సెంటీమీటర్లు, మనిషిని బట్టి మారుతుంది. ఆ గుబ్బలు మోయడానికే పుట్టాయి. గంటల తరబడి మోసినా ఫరవాలేదు.

గుబ్బల నడుమ ఉన్న మెత్తటి చోటు మోయడానికి పుట్టలేదు. యోగ గ్రంథాలు మూలాధారమని చెప్పే చోటది. సిద్ధాసనంలో మడమను ఆనించేది అక్కడే. మర్మాంగానికి స్పర్శనిచ్చే నాడి, రక్తం తీసుకుపోయే ధమని కటి ఎముకను ఆనుకున్న సన్నని కాలువలోంచి ఆ చోటికే వస్తాయి. వైద్యులు ఆ నాడిని ప్యుడెండల్ నాడి అంటారు. లాటిన్‌లో ఆ మాటకు సిగ్గుపడవలసినదని అర్థం. ఎప్పుడో పాతకాలం వైద్యులు పెట్టిన పేరు, రోగి నోరు కూడా మూయించింది. సీటు వెడల్పు చాలక గుబ్బలు పక్కలకు జారినా, తోలు నడుము దిగినా, ముక్కు పైకి లేచినా బరువు వచ్చి పడేది ఆ సిగ్గు నాడి మీదే. నాడి నలిగితే తిమ్మిరి. ధమని నలిగితే రక్తం తగ్గుతుంది. చాలా ఏళ్ళు, చాలా గంటలు అదే పని సాగితే కొందరిలో అంగస్తంభన కూడా దెబ్బతినవచ్చు.

మెత్తటి సీటు మంచిదనుకుంటాం. అక్కడే పొరపాటు. మరీ మెత్తటి స్పాంజిలో గుబ్బలు కూరుకుపోతాయి. కూరుకుపోయినకొద్దీ నడిమి స్పాంజి ఉబ్బి మూలాధారాన్ని పైకి నొక్కుతుంది. జర్మనీలోని కొలోన్ వైద్యులు మగవాళ్ళను రకరకాల సీట్ల మీద కూర్చోబెట్టి మర్మాంగ చర్మానికి అందే ఆక్సిజన్‌ను కొలిచి 2002లో లెక్క బయటపెట్టారు. ఇరుకుగా, దట్టంగా మెత్త వేసిన సీటు మీద ఆక్సిజన్ 82.4 శాతం పడిపోయింది. వెడల్పుగా, మెత్త లేకుండా, ముక్కు లేకుండా ఉన్న సీటు మీద పడిపోయింది 20.3 శాతమే. మన సీటు మీద చుట్టిన తువ్వాలు ఒరుపును ఆపుతుందేమో గానీ నాడిని కాపాడదు.

మన తీరానికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది, దాని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. పొద్దున చేపలతో పడమటికి పోతారు. గంపలు ఖాళీ చేసుకుని ఎండెక్కాక తూర్పుకు తిరుగుతారు. అప్పటికి సముద్రపు గాలి లేస్తుంది, అది ఎదురుగాలి. ఎదురుగాలికి ఏ మనిషైనా హాండిల్ మీదికి వంగుతాడు. వంగితే నడుముతోపాటు కటి ఎముక ముందుకు తిరుగుతుంది, గుబ్బలు సీటును వదిలేస్తాయి, బరువంతా ముక్కు మీదికి జారుతుంది. ఇక పొద్దున పూట బాధ వేరు. బరువైన గంప వెనక ఉన్నప్పుడు పెడళ్ళ మీద లేచి నిలబడలేరు. నిలబడితే బండి ఊగి గంప ఒరుగుతుంది. ఆ చోటికి రక్తం మళ్ళీ అందాలంటే అప్పుడప్పుడూ లేచి నిలబడటమే మందు. పనివాడికి ఆ మందు అందదు.

సీటు మీద ఈ అనుమానం కొత్తది కాదు. గుర్రపుస్వారీ మగతనాన్ని చెడగొడుతుందని సిథియన్లనే రౌతు జాతి గురించి హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథమే చెప్పింది. 1890లలోనే వైద్యులు సైకిలు సీటును తప్పుపట్టారు. అమెరికాలో నడిమ ఖాళీ వదిలి రెండు దిండ్లుగా చేసిన సీట్లు అప్పుడే అమ్మకానికి వచ్చాయి. ఆ తర్వాత అందరూ మరిచారు. 1997లో బోస్టన్ మూత్రాంగ వైద్యుడు ఇర్విన్ గోల్డ్‌స్టైన్ హెచ్చరికలు పత్రికలకెక్కితే మళ్ళీ కలకలం రేగింది. నడిమ గాడి ఉన్న సీట్లు మార్కెట్లోకి వచ్చాయి.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే పరిశోధన పందెగాళ్ళది కాదు, పనివాళ్ళది. అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థలో స్టీవెన్ ష్రేడర్ బృందం సైకిలు మీద గస్తీ తిరిగే 90 మంది పోలీసులకు ఆరు నెలలు ముక్కు లేని సీట్లిచ్చింది. మొదట, గడిచిన ఆరు నెలల్లో తిమ్మిరే రాలేదని చెప్పినవాళ్ళు 27 శాతం. సీటు మార్చిన ఆరు నెలల తర్వాత అలా చెప్పినవాళ్ళు 82 శాతం. 2008లో ఈ ఫలితం అచ్చయింది. మనుషులు వాళ్ళే, పని అదే. మారింది సీటు.

దీన్ని చదివి సైకిలు అటకెక్కించవద్దు. 2018లో వచ్చిన పెద్ద పరిశోధన 2,774 మంది సైకిలు తొక్కేవాళ్ళను ఈతగాళ్ళతో, పరుగెత్తేవాళ్ళతో పోల్చి చూసింది. లైంగిక ఆరోగ్యంలో వీళ్ళు వాళ్ళకు తీసిపోలేదు. కాకపోతే తిమ్మిరి ఉంది. తొక్కే సమయంలో ఐదో వంతుకు మించి లేచి నిలబడేవాళ్ళలో అది తక్కువ, హాండిల్ సీటుకన్నా కిందుగా ఉన్నవాళ్ళలో ఎక్కువ. 2014లో బ్రిటన్‌లో 5,282 మంది మగ సైకిలిస్టులను అడిగి చూసినప్పుడు ఎక్కువ గంటలు తొక్కడానికీ సంతానలేమికీ సంబంధం కనిపించలేదు. గుండెకు, చక్కెర జబ్బుకు సైకిలు చేసే మేలు మాత్రం అందరికీ తెలిసిందే. మన కోస్తాలో దోమ వల్ల వచ్చే వరిబీజాన్ని కూడా సైకిలు ఖాతాలో వేయవద్దు. దానికి కారణం బోదకాలు పురుగే.

ఉప్పుచెమట సంగతి కూడా చెప్పాలి. తడి లుంగీ గజ్జల్లో ఒరిసి చర్మం చిట్లుతుంది, ఆ చిట్లిన చోట సెగగడ్డ లేస్తుంది. ఇంటికి చేరగానే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టుకుంటే చాలావరకు రాదు. సీటు మరీ ఎత్తుగా ఉంటే పిరుదులు అటూ ఇటూ ఊగి ఒరుపు పెరుగుతుంది. పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటే ఎత్తు సరిపోయినట్టే.

ముక్కు లేని సీటు మన అంగళ్ళలో అడిగిన వెంటనే దొరికే వస్తువు కాదు. ఉన్న సీటునే సరిచేసుకోవచ్చు. తడి ఇసుకలో మీ గుంటల దూరం కొలిచి, సీటు వెనక భాగం అంతకన్నా కాస్త వెడల్పు ఉందో లేదో చూడండి. హాండిల్ సీటుకన్నా ఎత్తుగా పెట్టించండి. గంప లేనప్పుడు పదేసి నిమిషాలకొకసారి పెడళ్ళ మీద లేవండి. గంప ఉంటే దారిలో కాలవ వంతెన దగ్గర ఒక్క నిమిషం దిగి నడవండి. దిగిన తర్వాత కూడా తిమ్మిరి గంటల తరబడి పోకపోతే, మూత్రంలో రక్తం కనిపిస్తే, లేదా పడకగదిలో తేడా కనిపిస్తే డాక్టరుకు అదే మాట సూటిగా చెప్పండి, సైకిలు తొక్కుతానని కూడా చెప్పండి.

అన్నిటికన్నా ముందు సీటు ముక్కు చూడండి. వెనక బరువు పడీ పడీ సీటు కింది క్లిప్పు జారుతుంది, ముక్కు పైకి లేస్తుంది. పంచరు షాపు ముందు ఆగి, “అన్నా, సీటు ముక్కు లేచింది, సమానంగా దించు” అని అడగండి. రెండు నట్లు, ఒక పానా, ఐదు నిమిషాల పని.