ద్వీపమందలి పక్షి పరిశీలనాలయము

చలికాలము ప్రవేశించునప్పటికి మన గోదావరి యిసుకతిన్నెలమీదను, చెఱువుల యంచులందును వేసవిలో కానరాని పక్షులు కొన్ని వచ్చి దిగును. ఎండలు ముదురునప్పటికి అవి మఱల కానరావు. ఎచ్చటినుండి వచ్చినవి? ఎచ్చటికి పోయినవి? వచ్చు సంవత్సరము తిరిగి వచ్చునవి యివియేనా, వేఱొక గుంపా? ఈ ప్రశ్నలకు ఉత్తరము ఊహవలన దొరకలేదు. సముద్రమధ్యమున నున్న చిన్న దీవులమీద గాలికిని వానకును ఓర్చి, దినదినమును లెక్కలు వ్రాసికొన్న కొందఱి ఓపికవలన దొరకినది. అట్టి దీవులలో దినచర్య యెట్లుండునో, ఆ స్థలములను ఎట్లు కాపాడుకొందురో ఇచ్చట వివరించెదను.

మొదట, దీవియే యేల? సముద్రముమీద రాత్రియంతయు ఎగిరి అలసిన పక్షికి తెల్లవాఱునప్పుడు కనబడిన మొదటి నేలయే శరణ్యము. విశాలదేశమున వేయి గ్రామములలో చెదరిపోవలసిన పక్షులు దీవిలో ఒక్క చోట దిగును. కావున లెక్కించుట సులభము. ఉత్తర సముద్రమందలి హెలిగోలాండ్ అను దీవికి 1837లో గేట్కె అను చిత్రకారుడు వచ్చి, అచ్చటనే స్థిరపడి, అర్ధశతాబ్దమునకు మించి పక్షులను పరిశీలించెను. ఆయన గ్రంథము 1891లో వెలువడినది. ఆ దీవివారు అంతకు పూర్వము పొదలు నాటి, వాని ప్రక్క వలలు పన్ని, వలసవచ్చు పిట్టలను పట్టి వండుకొనువారు. 1910లో పరిశీలనాలయ మేర్పడినప్పుడు దాని యధిపతి వైగోల్డ్ ఆ వేటకాండ్ర ఉపాయమునే గ్రహించి, చంపుటకు గాక లెక్కించుటకు వినియోగించెను. తినుటకు పుట్టిన పనిముట్టు చదువునకు పనికివచ్చుట నాకు మిక్కిలి వింతగా తోచును.

పక్షి కాలికి కడియము తొడుగుట యను పద్ధతిని స్థిరపఱచినవాడు ఒక బడిపంతులని మన విద్యార్థులు తెలిసికొనవలెను. డెన్మార్కు దేశమున వీబోర్గ్ పట్టణమందలి పాఠశాలోపాధ్యాయుడగు మార్టెన్సెన్, 1899లో, గోరువంకల జాతికి చెందిన స్టార్లింగు పక్షులకు తేలికయైన అల్యూమినియము కడియములు తొడిగెను. ఒక్కొక్క కడియముమీద ఊరి పేరును, ఒక సంఖ్యయును చెక్కబడియుండెను. దూరదేశమున నెవరైన ఆ పక్షిని పట్టినచో, ఆ సంఖ్యయే దాని ప్రయాణమును తెలుపును.

ఈ విద్య మన నేలకు వచ్చిన వృత్తాంతము మనకు మఱింత దగ్గఱిది. బొంబాయి వాసియగు సలీం ఆలీ 1929లో బెర్లిను నగరమునకు పోయి, ష్ట్రేజెమన్ అను పండితునివద్ద శిక్షణ పొంది, హెలిగోలాండ్ దీవిలో కడియములు తొడుగు విధమును కన్నులార చూచి నేర్చుకొనెను. స్వదేశమునకు వచ్చిన పిదప, 1931–32లో, నిజాము ప్రభుత్వపు సాయముతో హైదరాబాదు సంస్థానమందలి పక్షులను సర్వే చేసెను. గుడారములలో నివసించుచు, భార్య తెహ్మీనా తోడుగా, అడవులు తిరిగి ఆయన సేకరించిన విషయములు తరువాత బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో ప్రకటింపబడినవి. మన యిబ్రహీంపట్నము నాడు ఆ సంస్థానములోని దే.

ఇక దినచర్య. స్కాట్లండునకు ఉత్తరమున ఆర్క్నీ, షెట్లండు దీవుల నడుమ ఫెయిర్ ఐల్ అను దీవి కలదు. పొడవు మూడు మైళ్లు; వెడల్పు మైలున్నర. వృక్షము లించుమించుగా లేవు. గొఱ్ఱెలు, ఉన్ని అల్లికలు అచ్చటివారికి జీవనాధారము. జార్జి వాటర్‌స్టన్ అను నతడు రెండవ ప్రపంచయుద్ధమున 1941లో క్రీటు దీవియందు శత్రువులకు చిక్కి, చెఱలో నుండియే ఇచ్చట పరిశీలనాలయము కట్టవలెనని తలపోసెను. విడుదలయై వచ్చినవాడై ఆ దీవిని కొని, 1948లో నౌకాదళమువారు విడిచిన పాత కొట్టములలో దానిని ప్రారంభించెను.

వలసకాలమున అచ్చటివారు సూర్యోదయమునకు ముందే లేతురు. మొదటి పని బోనులను చూచుట. చేపలు పట్టువారు కాలువలో నుంచు బుట్టను మీరందఱు చూచియుందురు. నోరు వెడల్పు, లోపలికి పోను పోను సన్నము. పక్షుల బోనును అట్టిదే, కాని మనుష్యులు నడిచిపోగలంత పెద్దది. కఱ్ఱలమీద తీగెవల కప్పి చేయబడును. లోపల పొదలు పెంచుదురు. చెట్టులేని దీవిలో అలసిన పిట్టకు ఆ పొదయే నీడ. ఇద్దఱు ముగ్గురు వెనుకనుండి మెల్లగా, చప్పుడు చేయక నడువగా, పిట్ట ముందునకు సాగి, చివరనున్న అద్దపుపెట్టె వెలుతురును చూచి అందులో ప్రవేశించును. దానిని గుడ్డసంచిలో నుంచి గదికి తెత్తురు. జాతి నిర్ణయించి, తగిన కొలతగల కడియము తొడిగి, ఱెక్క కొలిచి, పొట్టమీది యీకలను నోటితో ఊది చర్మము క్రింద కొవ్వు ఎంత యున్నదో చూచి, తూచి, వ్రాసికొని విడిచిపెట్టుదురు. ఇది యంతయు కొన్ని నిమిషములలో ముగియవలెను. కొవ్వు చూచుట యెందులకనగా, ఆ కొవ్వే దాని దారిబత్తెము. అది చాలినంత యున్న పిట్ట ఆ రాత్రియే సాగిపోవచ్చును. లేనిది కొన్నిదినములు ఆగి మేయును.

బోనులను దినమునకు పలుమారులు చూడవలెను. చూడని బోను పిట్టకు చెఱసాల యగును. నడుమ కాలమున దీవిని భాగములుగా పంచుకొని నడచి, కనబడిన ప్రతి పక్షిని లెక్కింతురు. రాత్రి భోజనానంతరము అందఱును ఒక చోట కూడుదురు. ఒకరు జాతుల పేర్లు వరుసగా చదువగా, తక్కినవారు తాము చూచిన సంఖ్యలను చెప్పుదురు. ఒకే గుంపును ఇద్దఱు చూచియుందురేమో యని విచారించి, ఒక సంఖ్యను నిశ్చయించి పుస్తకమున నెక్కింతురు. ఏమియు కనబడని దినమునకు సున్న వ్రాయవలెను. ఆ సున్న వ్రాయుటయే కష్టమని నా యభిప్రాయము. వింతపక్షిని చూచిన దినమున వ్రాయుటకు ఎవరికైనను ఉత్సాహ ముండును.

ఇట్లు పక్షులతో గడచు కాలము కొంత. తక్కినది మరమ్మతులతోడనే చెల్లును. ఉప్పుగాలికి తీగెవల త్రుప్పుపట్టి చిల్లులు పడును; ఒక్క చిల్లున్నను పిట్ట దానినే కనుగొనును. కఱ్ఱలు వంగును, పొదలు మాడును. వంట, పాత్రలు తోముట, గదులు తుడుచుట యనునవి వలంటీర్లును పంచుకొందురు. సరకులు తెచ్చు పడవకు మంచి కాపరి యని పేరు. తుపాను పట్టినచో ఆ కాపరియు రాజాలడు. కావున పిండి, ఔషధములు, నూనె ముందుగా నిలువచేసికొనవలెను.

ఎంత కాపాడినను నష్టములు రాక మానవు. 2019 మార్చిలో ఫెయిర్ ఐల్ పరిశీలనాలయ భవనము అగ్నికి ఆహుతి యయ్యెను, ప్రాణనష్టము కలుగలేదు. హెలిగోలాండ్ గతి ఇంకను దారుణము. 1945లో బాంబులచే ధ్వంసమై, 1947 ఏప్రిలులో వేలకొలది టన్నుల మందుగుండుతో బ్రిటిషువారిచే ప్రేల్చబడిన ఆ దీవికి 1952లో గాని జనులు తిరిగి రాలేదు. 1953లో పక్షుల పని అచ్చట మఱల ఆరంభమయ్యెను.

మన తెలుగుదేశమున అట్టి ద్వీపాలయము లేదు గాని, దానికి తగిన చోటు లేకపోలేదు. సముద్రమునకును పులికాటు సరస్సునకును నడుమ శ్రీహరికోట దీవి కలదు. ఆ సరస్సులో శీతకాలమున రాజహంసలు వేలకొలది మేయును. దాని సమీపమున, 1976లో రక్షితస్థలముగా ప్రకటింపబడిన నేలపట్టు చెఱువు కలదు. నీటిలో మునిగి నిలిచిన కడప చెట్లమీద గూడబాతులు గూళ్లు కట్టును. అచ్చట నీరే కోట. చెట్టుచుట్టు నీరున్నంతకాలము కుక్కయు నక్కయు గూటి దరికి రాలేవు; వానలు తప్పి చెఱువెండినచో పక్షులు గూళ్లను విడిచిపోవును. కావున నేలపట్టునందు పక్షులను కాచుట యనగా కట్టను, తూమును, చెట్లను కాచుటయే. రైతులకును నష్టము లేదు. పక్షిరెట్ట కలిసిన నీరు పైరునకు ఎరువగును.

లెక్క లేనిచో నష్టము సయితము తెలియదు. కొల్లేటి ప్రాంతమున గూడబాతుల గొప్ప నివాసమును 1946లో నీలకంఠన్ కనుగొనెను. ఆయనయు ఆంగ్లము బోధించిన ఉపాధ్యాయుడే. ముప్పది సంవత్సరములైన గడువకమునుపే ఆ గూళ్లు శూన్యమయ్యెను. ఏ యేడు ఎన్ని తగ్గినవో దినదినము వ్రాసినవా రుండినచో, కారణము సకాలమున తెలిసియుండెడిది గదా!

మన దేశమున కడియములు తొడుగు పనిని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు 1959 మొదలు విరివిగా సాగించిరి. కర్ణాటకమున క్యాసనూరు అడవిలో పుట్టిన జ్వరమును వలసపక్షులు తెచ్చినవేమో యను సందేహము అందులకు ప్రేరణ. ప్రపంచ ఆరోగ్యసంస్థ సాయము చేసెను. ఆ కడియములమీద సంఘమునకు తెలుపుడని ఆంగ్లమున వ్రాసియుండును, సంఖ్య యుండును. మంగోలియా దేశమున గుడ్లుపెట్టు, తలమీద నల్లని పట్టెలుగల పెద్దబాతులు శీతకాలమున దక్షిణదేశపు చెఱువులకు వచ్చునని అట్టి గుఱుతులవలననే రుజువైనది. మన యెగువనున్న శ్రీరాంసాగర జలాశయమున గాని, మన యూరి చెఱువున గాని అట్టి పక్షి దిగరాదా?

అట్టిది కంటబడినచో దానిని పట్టరాదు, కొట్టరాదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము దానిని నిషేధించుచున్నది. చచ్చిపడిన పక్షి కాలికి కడియ మున్నచో దానిని పారవేయక, పిల్లల ఆటకీయక, ఉపాధ్యాయునికి చూపవలెను. కడియముమీది అక్షరములు, సంఖ్య, దొరకిన తేది, స్థలము, పక్షి యుండిన స్థితి వ్రాసి ముంబయి నగరమందలి ఆ సంఘమునకు పంపవలెను. సంఖ్యలో ఒక్క అంకె తప్పినను వేఱొక పక్షి కథ యగును గావున, ఇద్దఱు వేర్వేఱుగా చదివి, సరిచూచుకొనిన పిమ్మటనే వ్రాయవలెను.