పాత ఉక్కు పిస్టల్ పరీక్ష

జర్మనీలోని తురింగియా ప్రాంతానికి చెందిన జెల్లా-మెహ్లిస్ పట్టణంలో కార్ల్ వాల్టర్ సంస్థ 1929లో 'పిపి' పిస్టల్‌ను, 1931లో దానికంటే పొట్టిదైన 'పిపికె'ను విడుదల చేసింది. సుమారు 15.5 నుంచి 17 సెంటీమీటర్ల పొడవుతో కోటు జేబులో ఇమిడిపోయే ఈ ఉక్కు ఆయుధాలు నేటికీ సేకర్తల మధ్య చేతులు మారుతూనే ఉన్నందున, వాటిలో ఏది పేల్చడానికి పనికివస్తుందో, ఏది అద్దాల బీరువాకే తగినదో తేల్చడం శ్రద్ధగా చేయవలసిన లోహపరీక్ష అయింది.

ఈ పిస్టల్‌లో గుండు దూసుకుపోయే గొట్టం, అంటే బ్యారెల్, కదలకుండా ఫ్రేమ్‌కు బిగించి ఉంటుంది. పై భాగమైన స్లైడ్‌కు మాత్రం గడియ ఏదీ లేదు; పేలుడు వాయువులు తూటా తొడుగును వెనక్కు నెట్టినప్పుడు వాటిని నిలువరించేవి స్లైడ్ బరువు, బ్యారెల్ చుట్టూ చుట్టుకుని ఉండే స్ప్రింగు మాత్రమే. బ్లోబ్యాక్ అని పిలిచే ఈ ఏర్పాటులో భారమంతా ద్రవ్యవేగానిదే. 7.65 మిల్లీమీటర్ల తూటాలో 4.6 గ్రాముల గుండు సెకనుకు సుమారు 300 మీటర్ల వేగంతో వెలువడితే, 9 మిల్లీమీటర్ల పొట్టి తూటాలో 6.2 గ్రాముల గుండు దాదాపు అంతే వేగంతో వెలువడుతుంది కనుక, రెండో రకం పిస్టల్ స్లైడ్‌పై పడే తాకిడి మొదటిదానికంటే దాదాపు మూడో వంతు ఎక్కువ. అందువల్ల దశాబ్దాల తరబడి నొక్కుడుపడి బలం తగ్గిన స్ప్రింగును అలాగే ఉంచి పేల్చితే, స్లైడ్ ప్రతిసారీ ఫ్రేమ్‌ను గట్టిగా ఢీకొని, పదేపదే పడే ఒత్తిడికి లోహం అలసి, మూలల్లో సన్నని పగుళ్లు పుట్టే ప్రమాదం ఉంది.

పరీక్షలో మొదటి పని పిస్టల్ ఖాళీగా ఉందో లేదో చూడటం. మ్యాగజైన్ తీసేసినంత మాత్రాన బ్యారెల్ వెనుక గదిలోని తూటా బయటికి రాదు కనుక స్లైడ్‌ను వెనక్కు లాగి కంటితో చూసి తీరాలి. ఆ తరువాత బ్యారెల్ లోపలికి వెలుతురు పంపి చూస్తే, పాతకాలపు ప్రైమర్ల గుర్తులు కనిపించవచ్చు. ప్రైమర్ అంటే తూటా అడుగున నిప్పు రాజేసే మందు. అందులోని పొటాషియం క్లోరేట్ మండిన తరువాత మిగిలే పొటాషియం క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకుని, శుభ్రం చేయని బ్యారెల్‌లో తుప్పు గుంటలు తవ్వుతుంది. పైపై మెరుపును నమ్మడం మరింత ప్రమాదకరం. ఉక్కుకు నీలి నలుపు రంగునిచ్చే పూత నిజానికి మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడ్ పలుచని పొర. తుప్పును కప్పిపుచ్చడానికి ఎవరైనా సానబట్టి కొత్త పూత వేసి ఉంటే, చెక్కిన అక్షరాల అంచులు అరిగి మెత్తబడి, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం కుంగినట్టు కనిపిస్తుంది. ఈ ఒక్క గుర్తు విక్రేత మాటలన్నిటికంటే విశ్వసనీయమైనది.

కొన్ని పిపికెల ఫ్రేమ్‌లను ఉక్కుతో కాక డ్యూరాలుమిన్ అనే అల్యూమినియం మిశ్రమలోహంతో చేశారు కాబట్టి, అయస్కాంతం అంటుకుంటుందా లేదా అన్న చిన్న పరీక్ష కూడా అవసరమే. కాలనిర్ణయానికి ముద్రలు తోడ్పడతాయి: 1940 వరకు జర్మన్ పరీక్షాలయాలు కిరీటం కింద 'ఎన్' అక్షరాన్ని, ఆ తరువాత గద్ద కింద అదే అక్షరాన్ని కొట్టేవి. యుద్ధానంతరం 1950ల నుంచి ఇదే నమూనా ఫ్రాన్సులోని మానురిన్ కర్మాగారంలోనూ తయారైంది.

సేఫ్టీ మీటను కిందికి దించగానే సుత్తి దానంతటదే వాలడం, తూటాను తాకే పిన్నుకు లోపలి అడ్డు పడటం ఈ పిస్టల్ ప్రత్యేకత. ఆ అడ్డు అరిగిపోయిందో లేదో అనుభవజ్ఞుడైన తుపాకీ మరమ్మతుదారు మాత్రమే, అదీ ఖాళీ పిస్టల్‌పైనే, చూడాలి. స్ప్రింగులు మార్చుకోవచ్చు, గుంటలు పడిన బ్యారెల్‌ను కొంతవరకు సహించవచ్చు. ఫ్రేమ్‌లో గాని స్లైడ్‌లో గాని పగులు కనిపించిన పిస్టల్‌ను మాత్రం, దాని చారిత్రక విలువ ఎంతటిదైనా, ఇక పేల్చకూడదు.