రోబోకి పేర్లు తెలియవు!

రక్తం ఇచ్చి ఇంటికి వస్తాం. సాయంత్రానికో, మర్నాటికో రిపోర్టు చేతికొస్తుంది. అందులోని అంకె నిజంగా మనదేనా అన్న అనుమానం మనలో ఎంతమందికి వస్తుంది చెప్పండి? దాదాపు ఎవరికీ రాదు. ఆ నమ్మకం అలాగే నిలవాలంటే ల్యాబ్‌లో కూర్చున్న వాళ్ళెవరో ఆ అనుమానాన్ని మనందరి తరఫునా రోజూ పడుతూ ఉండాలి. నేను చేసే ఉద్యోగం అదే.

మాది తిరువూరు. ఇంటర్ బైపీసీ అయ్యాక ఎం.ఎల్.టి. చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. శాంపిల్స్‌ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చే రోబోను సిద్ధం చేసే బాధ్యత మా ల్యాబ్‌లో నాది. మొన్న మామిడికాయల రోజుల్లో ఊరెళ్ళినప్పుడు మా పిన్ని కూతురు నన్నో ప్రశ్న అడిగింది. "అక్కా, నేనూ ఎం.ఎల్.టి.లోనే చేరదామనుకుంటున్నా. అన్నీ మిషన్లే చేసేస్తుంటే రేపు మాకు పనుంటుందా?"

న్యాయమైన ప్రశ్నే. తిరువూరు, విస్సన్నపేట, మైలవరం లాంటి ఊళ్ళలో ఎంతోమంది ఆడపిల్లలు ఈ కోర్సు వైపు చూస్తున్నారు. ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులకీ ఇదే సందేహం. రోబో ఏం చేస్తుంది, ఏం చేయలేదు అన్నది తెలిస్తే జవాబు దానంతటదే వస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

చుక్కలో సగం కూడా కాదు!

ల్యాబ్‌లో ద్రవాలు కొలిచే సాధనం పిపెట్. పైన బొటనవేలితో నొక్కితే, కింద తొడిగిన ప్లాస్టిక్ టిప్‌లోకి కావలసినంత ద్రవం ఎక్కుతుంది. 1957లో జర్మనీలోని మార్‌బుర్గ్‌లో హైన్రిష్ ష్నిట్గర్ అనే డాక్టర్ దీన్ని తయారుచేశాడు. అంతకుముందు గాజు గొట్టంతో, నోటితో పీల్చి కొలిచేవారు!

మేం కొలిచేది మైక్రోలీటర్లలో. మన టీ చెంచాలో పట్టేది 5,000 మైక్రోలీటర్లు. ఒక నీటి చుక్క సుమారు 50. మాకు తరచుగా కావలసింది 20. అంటే చుక్కలో సగం కూడా కాదు.

ఆ కొంచెం ద్రవాన్ని పోయడానికి 96 గుంతలున్న ప్లాస్టిక్ ప్లేటు ఉంటుంది. ఇడ్లీ రేకు లాంటిదే అనుకోండి, అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. నిలువునా ఎ నుంచి హెచ్ వరకు 8 వరసలు, అడ్డంగా 1 నుంచి 12 వరకు గడులు. ప్రతి గుంతకూ ఒక పేరు... ఎ1, బి7, హెచ్12 అని. వీటిని మేం వెల్స్ అంటాం. 1951లో హంగేరీలో డాక్టర్ గ్యూలా తకాచీ ఫ్లూ పరీక్షలకు సామగ్రి చాలక ఇలాంటి ప్లేటుకు నాంది పలికాడు.

ఒక ప్లేటంతా మరో ప్లేటులోకి మార్చడం రోబోకి చాలా తేలిక. ఎనిమిది టిప్పులు ఒకేసారి దింపి, పన్నెండుసార్లలో పని ముగించేస్తుంది. చిక్కంతా ఎంపిక చేసి తీయవలసి వచ్చినప్పుడే. నాలుగు ప్లేట్లలో అక్కడొకటి, ఇక్కడొకటి చొప్పున 38 శాంపిల్స్ మాత్రమే తీసి కొత్త ప్లేటులో పెట్టాలంటే ఒక్కొక్కటీ ఒక్కో టిప్పుతో తీయాలి. చెట్టు మీది పళ్ళలో పండినవి మాత్రమే కోసినట్టు కాబట్టి దీన్ని 'చెర్రీ పికింగ్' అంటారు. మా తిరువూరు వాళ్ళు పేరు పెట్టి ఉంటే చెర్రీ బదులు మామిడి అనేవాళ్ళే!

అసలు ఎంపిక ఎందుకు?

పాల కేంద్రం సంగతి తీసుకోండి. అయిదిళ్ళ పాలు ఒకే క్యానులో పోశారు. క్యాను పాలు బాగుంటే అయిదిళ్ళవీ బాగున్నట్టే. విరిగితే మాత్రం ఎవరి పాలో తెలుసుకోవడానికి అయిదిళ్ళవీ విడివిడిగా చూడాలి. ఇదే ఉపాయాన్ని 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ అనే ఆయన అమెరికా సైన్యంలో చేరేవాళ్ళ రక్తపరీక్షల కోసం సూచించాడు.

కొవిడ్ వచ్చినప్పుడు మన దేశంలోనూ అదే చేశారు. 2020 ఏప్రిల్‌లో భారత వైద్య పరిశోధన మండలి, పాజిటివ్‌లు 2 శాతం కంటే తక్కువగా ఉన్న ప్రాంతాల్లో అయిదు శాంపిల్స్ వరకు కలిపి పరీక్షించవచ్చని చెప్పింది. లెక్క చూడండి. 90 మంది శాంపిల్స్‌ని అయిదేసి చొప్పున కలిపితే 18 పరీక్షలు. వాటిలో రెండు పాజిటివ్ వచ్చాయనుకుందాం. ఆ రెండిట్లోని పదిమందినీ మళ్ళీ విడిగా చూడాలి. మొత్తం 28 పరీక్షలతో 90 మంది సంగతి తేలిపోయింది. కానీ ఆ పదీ సరిగ్గా ఆ పదిమందివే అయి ఉండాలి. పక్క గుంతలోంచి తీస్తే? జబ్బున్నామె ధైర్యంగా పెళ్ళికి వెళుతుంది. లేనామె పసిపిల్లను వదిలి వేరే గదిలో ఉంటుంది.

వైరస్ రూపు మారుతోందా అని కనిపెట్టడానికి 2020 డిసెంబరులో ఇన్సాకాగ్ అనే ల్యాబ్‌ల కూటమి ఏర్పడింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అందులో ఉన్నాయి. జన్యువులు చదవడానికి ప్రతి పాజిటివ్ శాంపిల్ పనికిరాదు. వైరస్ తగినంత ఉన్నవాటినే ఏరుకోవాలి. అదీ ఎంపికే. ఇక మందుల పరిశోధనలో అయితే వేల రసాయనాల్లో పనిచేసేలా కనిపించిన కొన్నిటిని మాత్రమే ఏరి మళ్ళీ పరీక్షిస్తారు. ఈ పని ఎక్కడున్నా అక్కడ రోబో అవసరం పడుతుంది.

పని జాబితాలోనే ఉంది

హామిల్టన్, టెకాన్, ఓపెన్‌ట్రాన్స్... కంపెనీ ఏదైనా రోబోకి కావలసింది ఒక జాబితా. ఏ ప్లేటు నుంచి, ఏ గుంత నుంచి, ఏ ప్లేటుకి, ఏ గుంతలోకి, ఎన్ని మైక్రోలీటర్లు... ఈ అయిదు గడులే. దాన్ని ఎక్సెల్‌లో తయారుచేసి రోబోకి అందిస్తాం. ఆ తరవాత అది తల తిప్పకుండా చేసుకుపోతుంది. ఎ2 తియ్యమంటే ఎ2 తీస్తుంది. ఎ2లో ఉన్నది ఎవరి రక్తమో దానికి తెలియదు. రోబోకి పేర్లు తెలియవు. ఉన్నవల్లా గుంతల నంబర్లే.

ప్రమాదం ఎక్కడుందో ఒక ల్యాబ్‌లో జరిగిన సంగతి చెబుతాను. పేషెంట్ల పేర్లు ఒక జాబితాలో, ప్లేటు మీద ఉన్న వరసలోనే ఉన్నాయి. గుంతల పేర్లు ఇంకో జాబితాలో ఉన్నాయి. కంప్యూటరుకి ఎ2 అన్నది అంకె కాదు, అక్షరాల మాట. అందుకని దాని వరసలో ఎ1 తరవాత ఎ10, ఎ11, ఎ12 వచ్చి, ఆ తరవాతే ఎ2 వస్తుంది. రెండు జాబితాలూ పక్కపక్కన అతికించేసరికి రెండో పేరు ఎ10కి పోయింది. చూడ్డానికి అన్ని గడులూ నిండుగా, ముచ్చటగానే ఉన్నాయి! అదృష్టం... అది నీళ్ళతో చేసిన ట్రయల్. అక్కడే దొరికిపోయింది. అప్పటినుంచి వాళ్ళు ఎ01, ఎ02 అని సున్నా పెట్టి రాస్తున్నారు. అలా రాస్తే వరస తప్పదు.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కదా, ఎ1, ఎ2, ఎ3 అని. చాలా రోబోలు పై నుంచి కిందికి లెక్కపెడతాయి... ఎ1, బి1, సి1 అని. '2వ శాంపిల్' అంటే మనకొకటి, దానికొకటి! అందుకే వరస సంఖ్య రాయకుండా గుంత పేరే రాయాలి. ఎక్సెల్‌లో ఒక్క నిలువు గడిని మాత్రమే వరస మార్చి, పక్కవాటిని వదిలేయడం కూడా ఇంతే ప్రమాదం.

ఆవకాయ జాడీ సూత్రం

జాబితా తరవాత చూసుకోవలసింది టిప్పులు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనిస్తామా? ఒక కూరలోని గరిటె ఇంకో కూరలో పెడితే మన పెద్దవాళ్ళు ఊరుకుంటారా? ఇక్కడా అదే సూత్రం. ఒక శాంపిల్ తాకిన టిప్పు ఇంకో శాంపిల్‌ని తాకకూడదు. 38 శాంపిల్స్‌కి 38 కొత్త టిప్పులు. పెట్టెలో ఎన్ని మిగిలాయో ముందే లెక్కపెట్టాలి. మధ్యలో అయిపోతే రోబో ఆగిపోతుంది.

తరవాతిది లోతు. టిప్పు మరీ కిందికి దిగితే అడుగుకు ఆనుకుని మూసుకుపోతుంది. మరీ పైనే ఉంటే గాలి పీలుస్తుంది. అందుకని ఒక్కో రకం ప్లేటుకీ ఎత్తు కొలిచి రోబోకి నేర్పాలి. గుంతలో 20 ఉంటే 20 మొత్తం రాదు. గిన్నె అడుగున చారు మిగిలినట్టు కొంత మిగులుతుంది. కాబట్టి తీయాల్సినదానికంటే కాస్త ఎక్కువే ఉండేలా చూసుకోవాలి. నీళ్ళలా పలచగా ఉన్నదాన్ని గబగబా తీయవచ్చు. రక్తంలోంచి వేరుచేసిన సీరం చిక్కగా ఉంటుంది, నెమ్మదిగా పీల్చి నెమ్మదిగా వదలాలి. నెయ్యి వంపేటప్పుడు తొందరపడం కదా, అలాగే.

అసలు శాంపిల్స్ పెట్టేముందు ట్రయల్ తప్పనిసరి. నేను చేసే పద్ధతి చెబుతాను. ఏరవలసిన గుంతల్లో వంటల్లో వాడే రంగు కలిపిన నీళ్ళు, మిగతావాటిలో మామూలు నీళ్ళు పోస్తాను. రోబోని నడిపిస్తాను. కొత్త ప్లేటులో ఒక్క గుంత తెల్లగా కనబడినా జాబితాలోనో, ప్లేటు పెట్టిన తీరులోనో తప్పున్నట్టే. పరిమాణం సంగతి త్రాసు చెబుతుంది. 20 మైక్రోలీటర్ల నీళ్ళు 20 మిల్లీగ్రాములు తూగుతాయి. 50 సార్లు పోయిస్తే సుమారు 1 గ్రాము రావాలి.

అసలు రోజున ప్లేట్ల బార్‌కోడ్ చదివించి, జాబితాలో ఉన్న ప్లేటే బల్ల మీద ఆ స్థానంలో ఉందో లేదో చూసుకోవాలి. ప్లేటు అటుదిటు తిరగబడితే ఎ1 ఉండాల్సిన చోట హెచ్12 వస్తుంది. చాలా ప్లేట్లకు ఒక మూల కోసి ఉండేది ఈ గుర్తు కోసమే. మధ్యలో రోబో ఆగితే కంగారుపడి మొదటి నుంచి నడిపించకూడదు. అప్పటికే పోసిన వాటిలో రెండోసారి పడుతుంది. ఎక్కడ ఆగిందో రాసుకుని అక్కడినుంచే కొనసాగించాలి.

ఒక్క అంకె విలువ

మా తిరువూరు పక్కనే ఏ.కొండూరు మండలం ఉంది. అక్కడి తండాల్లో ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బుతో అవస్థపడుతున్న కుటుంబాలున్నాయి. క్రియాటినిన్ ఎంత వచ్చిందన్నది ఆ ఇళ్ళలో పెద్ద చదువులు లేని ఆడవాళ్ళు కూడా అడిగే ప్రశ్న. ఆ ఒక్క అంకె మీద మందులు, ప్రయాణాలు, అప్పులు, కూలి పనికి వెళ్ళాలా వద్దా అన్నవన్నీ ఆధారపడతాయి. పరీక్ష చేసేది చేత్తోనా, యంత్రంతోనా అన్నది వాళ్ళకు అనవసరం. ఆ అంకె తమది కావడమే వాళ్ళకు ముఖ్యం. జాబితాలో ప్రతి వరసనీ నేను ఇంకొకరి చేత కూడా చదివిస్తున్నది అందుకే. ఒకరు చదవాలి, ఒకరు ప్లేటు చూడాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి.

మరి ఉద్యోగాల మాటేమిటి?

దాచకుండా చెబుతాను. రోజంతా పిపెట్ నొక్కే పని పెద్ద ల్యాబుల్లో తగ్గింది. ఆ పని తగ్గినందుకు బాధపడేవాళ్ళు తక్కువే. వందలసార్లు నొక్కీ నొక్కీ బొటనవేలు, మణికట్టు పట్టేసి రాత్రిళ్ళు చపాతీ పిండి కలపలేకపోయిన వాళ్ళు నాకు తెలుసు. చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ చేతి పిపెట్టే నడుస్తోంది. అందుకని చేతిపని బాగా రావాలి. చేత్తో తీయడం తెలియనివాళ్ళు రోబో గాలి పీల్చిందని పసిగట్టలేరు.

దాంతోపాటు ఎం.ఎల్.టి. చదివే అమ్మాయిలు ఎక్సెల్ గట్టిగా నేర్చుకోవాలి. ఒక గడిని ఇంకో జాబితాతో సరిపోల్చడం, రెండుసార్లు వచ్చిన పేరును పట్టుకోవడం రావాలి. ఓపిక ఉంటే పైథాన్ మొదటి పాఠాలు చదవండి, కొన్ని రోబోలకు ఆ భాషలోనే పని చెప్పవచ్చు. తెలుగు మీడియంలో చదివాం, మావల్ల అవుతుందా అని వెనకాడకండి. నేనూ అలా చదివినదాన్నే.

మా పిన్ని కూతురికి నేను చెప్పింది ఇదే. రోబో చెయ్యి వణకదు, అలిసిపోదు. ఏది ఏరాలో చెప్పడానికి, చెప్పింది సరిగ్గా ఉందో లేదో అనుమానించడానికి మాత్రం మనిషి కావాలి. బియ్యంలో రాయి కనబడితే ఏరకుండా ఊరుకోలేని చూపు మీకుంటే ధైర్యంగా చేరండి. ఆ చూపుకి జీతమిచ్చే చోటు ఇది.