మెండోర పొడవు ఎంత?

శ్రీరాంసాగర్ జలాశయానికి దగ్గర్లోని మెండోర పేరు తీసుకుందాం. సి భాషలోని స్ట్ర్‌లెన్‌ను అడిగితే దాని పొడవు 18 అంటుంది. వైడ్ క్యారెక్టర్లుగా మార్చి లెక్కిస్తే 6 వస్తుంది. కంటికి కనిపించేవి మాత్రం మెం, డో, ర మూడే. మూడు లెక్కలూ నిజమే. ఒక లెక్క అడగాల్సిన చోట మరొకటి అడిగినప్పుడే తెలుగు పేర్లు చెడిపోతాయి.

సి పుట్టిన 1970లలో ఒక ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోయేది. ప్రతి గుర్తుకూ ఒక సంఖ్యా స్థానం కేటాయించే యూనికోడ్‌లో, 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు మన లిపివి. మ స్థానం 3118. ఎత్వం, సున్న, ఓత్వం వంటి గుర్తులకూ విడివిడి స్థానాలున్నాయి కాబట్టి మెండోర ఆరు స్థానాలైంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు స్థానం మూడు బైట్లవుతుంది. మ అంటే 224, 176, 174. వీటిలో సున్నా ఎక్కడా రాదు. అందుకే సున్నాతో ముగిసే సి స్ట్రింగులను నకలు చేసే పాత ఫంక్షన్లు తెలుగునూ చెడకుండా మోస్తాయి.

చిక్కంతా కోతలోనే. 12 బైట్ల అర్రేలో, చివరి సున్నాకు ఒకటి పోను, 11 బైట్లే పడతాయి. డ మధ్యలో తెగి తెరమీద చెత్త గుర్తు వస్తుంది. ఆ తప్పు వెంటనే కంటపడుతుంది. అర్రే 13 బైట్లదైతే మిగిలేది ‘మెండ’. యూటీఎఫ్-8 లెక్కన అందులో ఏ దోషమూ లేదు, ఏ తనిఖీకీ దొరకదు. ఊరి పేరు మాత్రం మారిపోయింది.

వైడ్ క్యారెక్టర్లు వాడితే సరిపోదా అని ప్రోగ్రామర్లు అడుగుతారు. ఆ రకం లినక్స్‌లో 4 బైట్లు, విండోస్‌లో 2 బైట్లు. పైగా సెట్‌లొకేల్ ఫంక్షన్‌తో సరైన భాషా అమరిక (లొకేల్) ఎంచుకోకపోతే మార్పిడి మీద భరోసా ఉండదు. అన్నీ సరిగ్గా చేసినా, నాలుగు స్థానాల దగ్గర కోస్తే మళ్లీ ‘మెండ’ వస్తుంది. గుర్తుకొక బైటుతో సరిపెట్టిన, భారతీయ లిపుల 1991 నాటి ఇస్కీ ప్రమాణంలోనూ ఇదే జరుగుతుంది. అంటే దోషం బైట్లది కాదు, స్థానాన్నే అక్షరమనుకోవడానిది. పేర్లను ఇంగ్లీషు లిపిలో దాచుకుంటే గొడవే ఉండదన్న వాదనా ఉంది. కానీ డ, ద రెండింటికీ అక్కడ ఒకే అక్షరం. ఒకసారి పోయిన తేడాను ఏ మార్పిడీ తిరిగి తేలేదు.

అక్షరాల హద్దులు తేల్చడానికి ఐసీయూ వంటి లైబ్రరీలున్నాయి. వాటి కూర్పునూ చూసుకోవాలి: శ్రీ నాలుగు స్థానాలు, 12 బైట్లు. పాత నియమాలు దాన్ని శ్, రీ అని విడగొట్టేవి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒక్కటిగా ఉంచే నియమం చేర్చింది. అందుకని మెమరీలో చోటు కేటాయించేటప్పుడు బైట్లు, ఒక ఎన్‌కోడింగ్ నుంచి మరోదానికి మార్చేటప్పుడు స్థానాలు, కోసేటప్పుడూ కర్సర్ జరిపేటప్పుడూ అక్షరాలు లెక్కించాలి. ఈ విభజన పాటించే ప్రోగ్రాం పాత సి ఫంక్షన్లతోనే చాలావరకు పని చేసుకోగలదు. లైబ్రరీ కావలసింది ఆ చివరి లెక్కకే.